ఉచల్ తీసుకుని చదవాలా?



మొన్న సిద్ధేశ్వర యాత్రకు మా పెద్దమ్మాయి సోలాపూర్ వచ్చి వెళ్లింది. నందిధ్వజాల ఊరేగింపు దగ్గర కలిసినవాళ్లలో పదిమందైనా మమ్మల్ని ఒకటే మాట అడిగారు. "అమెరికాల సీటు వచ్చిందన్నరు గదా, మరి కాన్పూర్ ఎందుకు పంపిన్రు?" కొందరు ప్రేమతో అడిగారు. కొందరి గొంతులో "ఆడపిల్ల గదా, ఆపేసిన్రు" అనే మాట వినిపించింది. ఆ తర్వాత మన సంఘంలోనే రెండు ఇళ్లవాళ్లు ఫోన్ చేశారు. వాళ్ల పిల్లలకూ ఇలాంటి చదువు మీదే మనసుందట, ఏం చేయాలో తోచడం లేదట. ఒక్కొక్కరికి అరగంట చెప్పేకంటే అందరికీ ఒకేసారి రాద్దామని కూర్చున్నాం. కొంచెం పొడుగైంది, ఓపికతో చదవండి.

మా సంగతి మీకు తెలిసిందే. అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీలో షెడ్డు, ఎనిమిది మగ్గాలు, టవళ్ల పని. పెద్దమ్మాయి పుణెలో స్టాటిస్టిక్స్‌తో బీఎస్సీ చేసి, అక్కడే ఒక కంపెనీలో రెండేళ్లు పని చేసింది. బయటి దేశపు బ్యాంకు ఒకదానికి రోజూ రిస్క్ రిపోర్టులు తయారు చేయడం ఆమె పని. బ్యాంకు చేతిలో ఉన్న షేర్లు, బాండ్లు అన్నీ కలిపి రేపు ఒక్కరోజులో ఎంత నష్టం రావచ్చు, నూటికి 99 రోజులు ఏ గీత దాటకుండా ఉంటుంది అని ఒక అంకె వస్తుంది. ఆ అంకెను కాగితం మీద పెట్టి పంపేది. ఏడాది గడిచాక ఆమెకు ఒక అనుమానం పుట్టింది. ఈ అంకెను నేను పంపుతున్నాను సరే, దీన్ని కట్టేది ఎవరు? ఎట్లా కడతారు? అడిగితే ఆ పని చేసే బృందం వేరే ఉందని, అందులో అందరూ ఎమ్మెస్సీలు, పీహెచ్‌డీలు చేసినవాళ్లని చెప్పారట. వాళ్లనే క్వాంట్‌లు అంటారు.

అదేం పని అని మేము అడిగితే, మాకు తెలిసిన మాటల్లోనే చెప్పింది.

"పప్పా, ఎంఐడీసీల ఒక ప్లాట్ 30 లక్షలు. నువ్వు లక్ష బయానా ఇచ్చి ఆరు నెలల గడువు పెట్టుకున్నవ్ అనుకో. ధర 36 లక్షలైతే 30కే కొంటవ్, బయానా పోను ఐదు లక్షలు మిగులుతయి. ధర 24 లక్షలకు పడితే కొనవు. పోయేది ఆ లక్షే. అయితే ఆ బయానా లక్షే ఎందుకు ఉండాలె? 50 వేలు ఎందుకు కాదు? రెండు లక్షలు ఎందుకు కాదు? ఆ న్యాయమైన ధర కట్టుడే లెక్క."

షేర్ మార్కెట్‌లో ఈ బయానాకే ఆప్షన్ అని పేరు. దాని ధర కట్టే సూత్రాన్ని 1973లో ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్ అనే ఇద్దరు ప్రచురించారు. రాబర్ట్ మెర్టన్ కూడా అదే ఏడాది ఆ లెక్కను ఇంకా ముందుకు తీసుకుపోయాడు. సరిగ్గా ఆ ఏడాదే షికాగోలో ఆప్షన్లు అమ్మే కొనే ఎక్స్‌చేంజ్ మొదలైంది. అప్పటినుంచి బ్యాంకులకు గణితం వచ్చినవాళ్ల అవసరం పెరుగుతూ వచ్చింది. కొందరు ధరలు కడతారు. కొందరు, ఆ కట్టిన లెక్క సరిగ్గా ఉందా అని పరీక్షిస్తారు. కొందరు కంప్యూటర్లతో కొనుగోళ్లు అమ్మకాలు నడిపించే కంపెనీల్లో చేరతారు. ముంబైలో, బెంగళూరులో కూడా పెద్ద విదేశీ బ్యాంకులకు ఇలాంటి బృందాలు ఉన్నాయి.

బయానా అనగానే మాకు విషయం కొంచెం అర్థమైంది. గొడవ ఆ తర్వాత మొదలైంది.

2025 మార్చిలో ఆమెకు అమెరికాలో ఒక యూనివర్సిటీ నుంచి ఫైనాన్షియల్ ఇంజినీరింగ్ మాస్టర్స్‌కు సీటు వచ్చింది. ఏడాది కోర్సు. ఆ రాత్రి ఇంట్లో పేడాలు పంచుకున్నాం. మరుసటి రోజు ఖర్చు కాగితం చూశాం. ఫీజు, అక్కడ ఉండే ఖర్చు, టికెట్లు, ఇన్సూరెన్స్ కలిపి 90 లక్షల దగ్గర తేలింది. మా దగ్గర ఉన్నది, భీశి డబ్బు కలుపుకుని, పది పన్నెండు లక్షలు. మిగిలిన 80 లక్షలకు బ్యాంకు అప్పు కావాలి. బ్యాంకువాళ్లు తాకట్టు అడిగారు. మా దగ్గర తాకట్టు పెట్టగలిగింది షెడ్డు ఒక్కటే.

లెక్క ఇక్కడ రాస్తున్నాం, ఎవరికైనా పనికొస్తుంది. 80 లక్షలు, వడ్డీ 11 శాతం, పదేళ్ల గడువు. నెల కిస్తీ సుమారు లక్షా 10 వేలు. పదేళ్లలో కట్టేది మొత్తం కోటీ 32 లక్షలు. కిస్తీ మొదలు కాకముందే, చదువుకునే రోజుల్లోనే, నెలకు 73 వేల వడ్డీ నడుస్తుంటుంది. అమెరికాలో ఏడాదికి లక్ష డాలర్ల ఉద్యోగం దొరికితే ఈ అప్పు మూడు నాలుగేళ్లలో తీరిపోతుంది. దొరక్కపోతే? ముంబైకి తిరిగి వచ్చి ఏడాదికి 15 లక్షల జీతంలో చేరిందనుకుందాం. అది తక్కువ జీతమేం కాదు, మన పేటలో ఎంతమందికి ఉంది? అయినా చేతికి వచ్చేది మొత్తం కిస్తీకే పోతుంది. తిండికి, గదికి మేము పంపాలి.

ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి. మా ఇద్దరిలోనే ఒకరం అవునంటే ఒకరం కాదనేవాళ్లం, మరునాడు అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు. "మన తాతలు మగ్గం నెత్తిన పెట్టుకుని కరీంనగర్ నుంచి ఇంత దూరం రాలేదా? ఇప్పుడు పిల్ల పోతానంటే భయమెందుకు?" అన్నాడు మేనమామ. "25 ఏండ్లు వస్తున్నయి, మంచి సంబంధం చూడుండ్రి, చదువు తర్వాత" అన్నాడు కాక. పుణెలో ఒక కన్సల్టెంటు దగ్గరికి పోయాం. ఆయన ఆ కోర్సు చేసినవాళ్ల సగటు జీతం చూపించి, "వెనకాముందు చూడకండి" అన్నాడు. పిల్ల ఆ అంకెను చూసి, "సర్, ఇది ఉద్యోగం వచ్చినవాళ్ల సగటా, క్లాసు మొత్తానిదా?" అని అడిగింది. ఆయన దగ్గర జవాబు లేదు. పదిమందిలో ఇద్దరికి పెద్ద జీతాలు వస్తే సగటు పైకి పోతుంది, ఆరోవాడికి ఎంత వచ్చిందో దాంట్లో కనపడదు. ఇది స్టాటిస్టిక్స్ చదివిన పిల్లకు తెలుసు, మాకు ఆరోజు తెలిసింది.

మా అమ్మ, అంటే పిల్ల నాయనమ్మ, 40 ఏళ్లు వీడీలు చుట్టిన మనిషి. ఈ గొడవంతా నాలుగు రోజులు విని, ఐదో రోజు ఒక ముచ్చట చెప్పింది. మా నాయనకు పెళ్లి ఖర్చుకని ఒక కార్ఖానా మాలిక్ ఉచల్ ఇచ్చాడట. బయటి ఊళ్ల సభ్యులకు తెలియకపోవచ్చు, ఉచల్ అంటే పనివాడికి ముందే ఇచ్చే డబ్బు. అది తీరేదాకా అక్కడే పని చేయాలి. "ఉచల్ ఉన్నన్ని దినాలు మీ నాయన ఆ గేటు దాటలే. పక్క కార్ఖానాల రెండు రూపాయలు ఎక్కువ ఇస్తమన్నా పోలే. మాలిక్ తిట్టినా పడ్డడు. పదకొండేండ్లు." అంతే చెప్పి వీడీ ఆకు సర్దుకుంది. అలవాటు పోదు, ఇప్పుడు చుట్టకపోయినా ఒడిలో చాట ఉండాలి.

ఆ రాత్రి మేము ఆ మాటను అమెరికా అప్పు పక్కన పెట్టి చూశాం. అక్కడ చదివినవాళ్లకు వీసా మీద ఏడాది, ఇలాంటి గణితపు కోర్సులకు ఇంకో రెండేళ్లు, మొత్తం మూడేళ్లు పని చేసే వీలుంటుంది. ఆ తర్వాత హెచ్1బీ లాటరీ. ఏడాదికి 85 వేల వీసాలు, అందులో 20 వేలు అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు. అడిగేవాళ్లు దానికి ఎన్నో రెట్లు. నెలకు లక్షా 10 వేల కిస్తీ నెత్తిమీద ఉన్న పిల్ల ఏ ఉద్యోగం దొరికితే అందులో చేరాలి. నచ్చకపోయినా మానలేదు. వీసా ఇచ్చే కంపెనీని వదలలేదు. ఒంట్లో బాగా లేకపోయినా, "ఇది నా పని కాదు" అని తెలిసినా, తిరిగి రాలేదు. పేరు ఎడ్యుకేషన్ లోన్ అయినా, మాకు కనపడింది ఉచలే.

అప్పుడు మేమొక తప్పు చేశాం. "వద్దు బిడ్డా" అనే మాటను మేము చెప్పలేక కాకతో చెప్పించాం. ఆమె ఆయనకేమీ అనలేదు. రాత్రి భోజనాలయ్యాక మా ముందు కూర్చుని అడిగింది. "రెండేండ్ల కింద తమ్మునికి ఇంజినీరింగ్ సీటు కోసం షెడ్డు తాకట్టు పెట్టినా సరే అన్నరు. అందరి ముందల అన్నరు. నాకైతే ఎందుకు కాదు?"

మా దగ్గర జవాబు లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాం, ఎందుకంటే ఈ మాట రాయకపోతే మిగిలినదంతా అబద్ధం అవుతుంది. అప్పుడు వాడు పదో తరగతి. ఏ సీటో, ఎంత ఖర్చో ఏమీ తెలియకుండానే అనేశాం. మగపిల్లాడి చదువు మీద అప్పు చేస్తే పెట్టుబడిలా, ఆడపిల్ల చదువు మీద చేస్తే ఖర్చులా మా కళ్లకు కనిపించింది. అప్పు వద్దనడానికి మాకున్న కారణాలు సరైనవే కావచ్చు. కానీ అవే కారణాలు కొడుకు దగ్గర మాకు గుర్తు రాలేదు. ఆ రాత్రి ఇద్దరం నిద్రపోలేదు.

తెల్లారి ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఇద్దరు పిల్లలకూ ఒకటే లెక్క. ఒక్కొక్కరి చదువుకు, అంతా పోయినా మగ్గాలు ఆగని మొత్తం ఎంతో అంతే పెడతాం. మా విషయంలో అది 12 లక్షలు. ఇప్పుడు చేతిలో ఉన్నది అక్కకు, తమ్ముడి వంతు వచ్చేసరికి మళ్లీ అంతే కూడబెట్టాలి. షెడ్డు కాగితాలు ఎవరికోసమూ బ్యాంకుకు పోవు. తమ్ముణ్ణి కూడా పిలిచి చెప్పాం. వాడి మొహం కొంచెం చిన్నబోయింది, కానీ అక్క మొహం అప్పుడే కొంచెం తేలికపడింది.

ఇక ఆ హద్దులో ఏం చేయొచ్చని ముగ్గురం కలిసి కూర్చున్నాం. ఈసారి కన్సల్టెంటును కాకుండా, ఆమె ఆఫీసులో ఆ పని చేసేవాళ్లను అడిగింది. తేలింది ఇది.

ఈ ఉద్యోగాలకు మూడు దారులు ఉన్నాయి. మొదటిది ఫైనాన్షియల్ ఇంజినీరింగ్ మాస్టర్స్. ఏడాది, ఏడాదిన్నరలో నేరుగా ఉద్యోగానికి తయారు చేస్తుంది. ఖర్చు మనదే. రెండోది పీహెచ్‌డీ. కొత్త లెక్కలు కనిపెట్టే పరిశోధన ఉద్యోగాలకు ఎక్కువగా వాళ్లనే తీసుకుంటారు. దానికి ఐదేళ్లు పట్టొచ్చు. అయితే మంచి యూనివర్సిటీల్లో పీహెచ్‌డీ వాళ్లకు ఫీజు మాఫీ చేసి, పైగా నెలనెలా డబ్బు ఇస్తారు. మూడోది ఇక్కడే గణితంలోనో స్టాటిస్టిక్స్‌లోనో గట్టి ఎమ్మెస్సీ. ఐఐటీలకు జామ్ పరీక్ష ఉంది. కోల్‌కతా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు దాని పరీక్ష వేరే. చెన్నై దగ్గర సిరుసేరిలో మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. వీటిలోంచి ముంబై, బెంగళూరు బ్యాంకుల్లోకి పోతున్నారు, పీహెచ్‌డీకీ పోతున్నారు.

ఇక్కడ ఒక మాట. కోల్‌కతా ఇన్‌స్టిట్యూట్ పేరు వినగానే సి.ఆర్.రావు గారిని తలచుకోవాలి. ఆయన 1920లో పుట్టింది ఇప్పటి కర్ణాటకలోని హడగలిలో, తెలుగు కుటుంబంలో. మనలాగే గీతకు అవతల పుట్టిన తెలుగువాడు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, ఉద్యోగం కోసం కలకత్తా పోయారు. ఆ ఉద్యోగం దొరకలేదు. అక్కడ కలిసిన ఒకరి ద్వారా ఈ ఇన్‌స్టిట్యూట్ సంగతి తెలిసి, అందులో చేరారు. ఆ తర్వాత ప్రపంచంలో స్టాటిస్టిక్స్ చదివే ప్రతి పిల్లా ఆయన పేరుతో ఉన్న సూత్రాలు చదవాల్సి వస్తోంది. మా అమ్మాయి పుస్తకంలో కూడా ఉన్నాయి. ఏ చదువు ఏ తలుపు తీస్తుందో ముందే చెప్పలేం అనడానికి ఆయన జీవితమే సాక్ష్యం.

ఇంకొక కథ కూడా ఆమే చెప్పింది. ఆ ఆప్షన్ల సూత్రానికి షోల్స్, మెర్టన్ ఇద్దరికీ 1997లో నోబెల్ బహుమతి వచ్చింది. బ్లాక్ అప్పటికే చనిపోయాడు. ఆ ఇద్దరూ లాంగ్ టర్మ్ క్యాపిటల్ మేనేజ్‌మెంట్ అనే ఫండ్‌లో భాగస్వాములు. సొంత డబ్బుకు పాతిక రెట్లకు పైగా అప్పు తెచ్చి వ్యాపారం చేశారు. 1998లో రష్యా అప్పు ఎగ్గొట్టాక మార్కెట్లు తలకిందులయ్యాయి, ఫండ్ కుప్పకూలింది. 14 బ్యాంకులు కలిసి 360 కోట్ల డాలర్లు పోసి దాన్ని సర్దాల్సి వచ్చింది. అంత తెలివైనవాళ్ల దగ్గర కూడా, లెక్క తిరిగి దారికి వచ్చేదాకా ఆగే వీలును అప్పు మిగల్చలేదు. మేము కూడా అటువంటి దెబ్బ తిన్నవాళ్లమే. గిరాకీ బాగున్న ఏడాది అప్పు తెచ్చి రెండు కొత్త రేపియర్ మగ్గాలు పెట్టాం. నూలు ధర పెరిగి ఆర్డర్లు ఆగాయి. మగ్గాలు మంచివే, ఇంకో ఏడాది ఆగగలిగితే పని దొరికేది. కిస్తీ ఆగలేదు, రెండూ అమ్ముకున్నాం.

నాయనమ్మ అడిగిన ఇంకో ప్రశ్న కూడా చెప్పాలి. "అంత జీతం ఎవరి జేబులకెల్లి వస్తది?" మన పేటలో సాయంత్రం పని దిగాక ఫోన్లలో ఆప్షన్లు ఆడే కుర్రాళ్లు ఎంతమందో మీకు తెలుసు. 2021–22 నుంచి మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన మామూలు జనంలో 93 శాతం మంది నష్టపోయారని, మొత్తం లక్షా 80 వేల కోట్లకు పైగా పోయిందని సెబీ 2024లో చెప్పింది. లాభాలు వచ్చింది పెద్ద కంపెనీలకు, అదీ ఎక్కువగా కంప్యూటర్ ప్రోగ్రాములతో. రేపు మన పిల్ల ఆ ప్రోగ్రాము రాసేవైపు కూర్చుంటుందా? ఆమె ఆ రోజు జవాబు చెప్పలేదు. వారం తర్వాత తనంతట తానే అంది, "బ్యాంకు మునగకుండా చూసే లెక్క వైపు ఉండాలనుంది నాయనమ్మా, కానీ ఒట్టు పెట్టలేను." ఆ మాటలో నిజాయితీ ఉందని మాకు అనిపించింది.

మేము ఆమెను ఒకటే అడిగాం. "జీతం టీచరు జీతమంతే అయితే, ఈ చదువు చదువుతవా?" చాలాసేపు ఆలోచించి, "ప్రాబబిలిటీ చదువుత. ఫైనాన్స్ సంగతి తెల్వదు" అంది. మాకు దారి అక్కడ కనపడింది. ఫైనాన్షియల్ ఇంజినీరింగ్ ఒక్క పనికే కట్టిన మగ్గం. టవల్ మగ్గం మీద జకార్డ్ చాదర్ రాదు గదా. స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ అయితే బ్యాంకుకూ పోవచ్చు, ఇన్సూరెన్స్‌కూ పోవచ్చు, మందుల కంపెనీకీ పోవచ్చు, పాఠం చెప్పొచ్చు, పీహెచ్‌డీకి అమెరికాకే డబ్బు కట్టకుండా పోవచ్చు.

ఫిబ్రవరిలో ఆమె జామ్ రాసి ఉంది, ర్యాంకు బాగానే వచ్చింది. కానీ ఐఐటీ సీట్లు తేలేది మే, జూన్‌లలో. కోల్‌కతా పరీక్ష మేలో. అమెరికా వాళ్లు సీటు నిలుపుకోవాలంటే ఏప్రిల్ సగానికల్లా 2,000 డాలర్లు కట్టమన్నారు, తిరిగి ఇవ్వరు. అప్పుడు ఆమే నవ్వి, "పప్పా, ఇది బయానా" అంది. కట్టాం. లక్షా 70 వేలు. మేము పెట్టుకున్న 12 లక్షల్లోంచే. బంధువులు దాన్ని వృథా అన్నారు. మేము ఆ డబ్బుతో రెండు నెలల గడువు కొన్నాం. ఆ రెండు నెలలూ ఎవరూ ఎవరినీ తొందరపెట్టలేదు.

కోల్‌కతాలో రాతపరీక్ష గట్టెక్కింది, ఇంటర్వ్యూలో ఎంపిక కాలేదు. కాన్పూర్ ఐఐటీలో స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ సీటు వచ్చింది. రెండేళ్లకు ఫీజు, హాస్టలు, మెస్సు అన్నీ కలిపినా మూడు లక్షలు దాటదని లెక్క వేసుకున్నాం. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని ఆమే తేల్చుకుంది. అమెరికాకు రానని మెయిల్ పంపిన రాత్రి ఏడ్చింది. మేమూ ఏడ్చాం. అది లేనట్టు రాయం.

సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం కొత్త హెచ్1బీలకు లక్ష డాలర్ల ఫీజు అని ప్రకటించింది. అందరూ బెదిరిపోయారు. అక్కడే చదివి అక్కడే వీసా మార్చుకునేవాళ్లకు అది వర్తించదని తర్వాత వివరణ వచ్చింది. "మీకు ముందే తెలిసినట్టుంది, తెలివైన పని చేసిన్రు" అని కొందరు మెచ్చుకున్నారు. మాకేం తెలియదు. తెలియనిది వస్తుందనే, ఇల్లు నిలబడేంత మేరకే పందెం కాశాం. ఆ ఫీజు ప్రకటన రాకపోయినా మా నిర్ణయం అంతే మంచిది, అంతే చెడ్డది.

మా దగ్గరి బంధువుల అబ్బాయి ఒకడు ఇలాంటి కోర్సుకే పోయాడు. ఉద్యోగం వచ్చింది, బాగున్నాడు, మాకు సంతోషమే. వాళ్లకు ముంబైలో రెండు ఫ్లాట్లున్నాయి. ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుంది. చదువు ఒకటే, నెత్తిమీది బరువు వేరు. వాళ్లను చూసి మేము పోవడమూ సరికాదు, మమ్మల్ని చూసి వాళ్లు మానడమూ సరికాదు.

ఇప్పుడు ఆమె రెండో సెమిస్టర్. మొదటి సెమిస్టర్‌లో ఒక పేపరు సరిగ్గా రాలేదు, చుట్టూ తనకంటే గట్టి పిల్లలున్నారని బెంగపడింది. వేసవికి ముంబైలో ఒక బ్యాంకు రిస్క్ బృందంలో ఇంటర్న్‌షిప్‌కు అడిగింది, ఇంకా ఏమీ తేలలేదు. పీహెచ్‌డీ చేయాలా అని కూడా ఆలోచిస్తోంది. మా నిర్ణయం సరైనదో కాదో ఐదేళ్లకు గాని తెలియదు. అప్పటికీ తెలియకపోవచ్చు.

యాత్రకు వచ్చినప్పుడు ఒక రాత్రి మేడ మీద కూర్చుని అడిగాం, మా మీద కోపముందా అని. "కాన్పూర్ పోయినందుకు లేదు. మొదటి రోజే మీరే నాతోని కూర్చుంటే బాగుండేది, కాకను పంపకుండ" అంది. ఆమె అన్నది నిజం.

అందుకే, ఫోన్ చేసిన ఇద్దరికీ, ఇంకా చేయాలనుకునేవాళ్లకూ మా మాట ఇంతే. కన్సల్టెంటు దగ్గరికి పోకముందు పిల్లలతో మీరే కూర్చోండి. మొత్తం పోయినా ఇల్లు నడిచే డబ్బు ఎంతో కాగితం మీద రాసుకోండి, కొడుక్కీ కూతురికీ ఒకటే అంకె రాయండి. జీతం సంగతి పక్కన పెట్టి, ఆ చదువు మీద మనసుందా అని అడగండి. మనసుంది, అంకె సరిపోతుంది అంటే అమెరికా అయినా ఆపకండి.

జామ్ పరీక్షకు ఆమె చదివిన పుస్తకాలు, నోట్సు మా ఇంట్లోనే ఉన్నాయి. మన పిల్లలెవరికైనా కావాలంటే ఆదివారం ఉదయం వచ్చి తీసుకుపోవచ్చు. నాయనమ్మ చాయ్ పెడుతుంది. ఉచల్ కథ కూడా చెబుతుంది, వినకుండా వదలదు.